అడివివరం దగ్గర, ఐదుంబావుకి

రేవులో మూడో నంబరు ఎగరేశారట.
రేడియో చెప్పకముందే
మేడ మీది వదులు రేకు రాత్రంతా చెప్పింది.

అయినా వచ్చాం ముగ్గురం.
టీ బడ్డీ టార్పాలిను కింద మా సైకిళ్ళు
తడిసిన మేకల్లా ఒకదానికొకటి ఆనుకుని.
చిందిన టీలో వేలు ముంచి
బల్ల మీద దారులు గీస్తున్నాడు తవిటినాయుడు.

"ఇది అనాస తోటల ఎనక దారి.
నిట్టనిలువు. గంటలో మెట్ట మీదుంటాం.
ఇది ముడసర్లోవ పక్కనుంచి.
సదునుగానే ఉంటాది గానీ గెడ్డ దాటాల.
ఇదేమో..."
అని వేలు తుడుచుకున్నాడు.

మూడోది ఎటు పోతుందో మాకు తెలుసు.
పోయిన ఆశ్వయుజంలో, ఇలాంటి ముసురులోనే,
జీడితోట దిగువ నల్లబండ మీద
ఫయాజ్ ముందు చక్రం జారింది.
భుజం ఎముక విరిగిన చప్పుడు
ఎండుకొమ్మ విరిగినట్టు, అంత మామూలుగా.
ఆ రోజు దారి ఎంచింది నేను.
ఆ మాట ఇంతవరకూ ఎవరూ అనలేదు.
అననిదాన్ని వీపు సంచీలో వేసుకుని
ఏడాదిగా ప్రతి ఎత్తూ ఎక్కుతున్నాను.

ఇవాళ టీ డబ్బులు ఫయాజే ఇచ్చాడు,
ఎడమచేత్తో.

ఫోనుల్లో పసుపూ ఎరుపూ మబ్బులు
భీమిలి మీదుగా పాకుతున్నాయి.
తలెత్తితే ఏ రంగూ లేదు.
కొండ ఉండాల్సిన చోట ఉతకని దుప్పటి.
"అప్పన్నకి పూసిన గంధం కూడా ఆరదమ్మా
ఈ చెమ్మకి" అన్నాడు బడ్డీవాడు.

అప్పుడు దిగింది ఆవిడ,
గోనెసంచి మడిచి నెత్తిన కప్పుకుని,
గంపలో ఎనిమిదో తొమ్మిదో అనాసపళ్ళతో.
నేను పళ్ళు చూడలేదు. కాళ్ళు చూశాను.
పిక్కల సగానికి ఎర్రమట్టి,
మేజోళ్ళు తొడిగినట్టు, గీత గీసినట్టు.
చీర వెనకవైపు ఇంకో మరక, పెద్దది.

"పైకెల్తారేటి?" అంది మా సైకిళ్ళని చూసి.
"నాను తెల్లారగట్ల మూడుపాలు కూకున్నాను దార్లో.
కాళ్ళున్న మనిసినే.
మీయేమో చక్రాలు."

బల్ల మీద టీ గీతలు అప్పటికే ఆరి
ఈగలకి దారులయ్యాయి.
ఇద్దరూ నావైపు చూడకుండా చూస్తున్నారు.

బొటనవేలితో టైరు నొక్కాను.
కాస్త గాలి వదిలాను, ఇంకాస్త.
"ముడసర్లోవ వైపు" అన్నాను.
"గెడ్డ దాకానే. నీళ్ళు ఇరుసుని తాకితే వెనక్కి.
ఎవరూ వాదించకూడదు."
కొత్త టైరు కొన్న నాయుడి మొహం
ముసురుకన్నా ముందే కమ్ముకుంది.

వాన అడ్డంగా కొడుతోంది.
కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను,
మసక మసకే, కనీసం నా సొంతం.
బురద గొలుసులో చేరి పళ్ళు కొరుకుతోంది.
చిన్న ఎత్తు దగ్గర ఫయాజ్ పక్కకొచ్చాడు.
ఊపిరికీ ఊపిరికీ మధ్య, ముక్కలు ముక్కలుగా:
"ఆ రోజు... దారి నువ్వు ఎంచావు గానీ...
ముందు బ్రేకు... పట్టింది నేను కదా."
జవాబు చెప్పడానికి నా దగ్గర గాలి లేదు.
గేరు ఒకటి దించాను.
పక్కపక్కనే ఎక్కాం.

గెడ్డ మాతో మాట్లాడే స్థితిలో లేదు.
కాఫీరంగు నీళ్ళు, మధ్యలో ఎవరిదో చెప్పు,
వెదురు తడిక ఒకటి తిరుగుతూ పోయింది.
నాయుడు సైకిలు దించి ఒడ్డున నిలబెట్టాడు.
ఇరుసు కనబడలేదు.
ఎవరూ వాదించలేదు.

గొడుగులాంటి జీడిచెట్టు కింద
ఆవిడ దగ్గర కొన్న పండు కోశాం,
గొలుసు తుడిచే చాకుతోనే.
నూనె వాసన కొంచెం, తీపి చాలా.
కత్తిరించిన తలపిలకని నాయుడు
నీళ్ళకి జానెడు ఎగువన మట్టిలో గుచ్చాడు.
"గుర్తు" అన్నాడు. "నీళ్ళెంతొచ్చాయో తెలుస్తాది.
బతికితే పండు కూడానూ."

సైకిళ్ళు తిప్పుతూ వెనక్కి చూశాను.
ఆ పచ్చటి ముళ్ళ పిలక
వాన పడ్డప్పుడల్లా తలూపుతోంది,
ఔననో కాదనో, అంత దూరం నుంచి తెలీలేదు.